నల్ల కారు కడిగిన పిన్నిగారు

"మీ ఓనరుగారు పోయారండి, త్వరగా రండి" అని మా ఎదురు కిరాణా కొట్టాయన ఫోన్ చేసినప్పుడు నేను బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఒంటిపూట బడుల రోజులు. 'పోయారు' అనే మాటలో ఆడో మగో తెలియదు. నాకు మాత్రం అనుమానమే రాలేదు. నాలుగేళ్ళుగా మంచం మీద ఉన్న బాబాయిగారే అనుకున్నాను. ఆయన భార్య పిన్నిగారిని ఏమని ఓదార్చాలా అని ఆటోలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. గేటు తీసేసరికి బాబాయిగారు వరండాలో తన మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చునే ఉన్నారు. ఆయన ఎదురుగా చాప మీద పిన్నిగారిని పడుకోబెట్టారు. చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఆవిడ నాకు చుట్టం కాదు. నూజివీడులో ఆగిరిపల్లి రోడ్డు వైపు, వాళ్ళ ఇంటి మేడమీద వాటాలో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాను. మా ఆయన నుంచి విడిపోయి రెండు సూట్‌కేసులతో వచ్చిన నన్ను అంతకుముందు ఐదిళ్ళవాళ్ళు "మీవారు ఎప్పుడొస్తారు" అని అడిగి వెనక్కి పంపారు. పిన్నిగారు ఏమీ అడగలేదు. "మంచినీళ్ళు ఆరింటికొస్తాయి అమ్మాయ్, లేచి పట్టుకో. ఆలస్యమైతే ఆగిపోతాయి" అన్నారు, అంతే. ఆ తరువాత కూడా ఎప్పుడూ అడగలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు అదొక్కటే చాలు.

బాబాయిగారు డ్రైవరు. చాలా ఏళ్ళు మామిడికాయల వ్యాపారస్తుల దగ్గర పనిచేసి, చివరికి సొంతంగా ఒక పాత నల్ల కారు కొనుక్కున్నారు. పెళ్ళిళ్ళకీ, బెజవాడ స్టేషనుకీ, ఆస్పత్రులకీ తిప్పేవారు. ఎంత పొద్దుపోయి వచ్చినా తెల్లవారగానే కారు కడగాల్సిందే. పిన్నిగారిని దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. "నీ గాజులు తగుల్తాయే" అనేవారు. ఆవిడ మూతి తిప్పుకుని, కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి లోపలికి పోయేవారు. వాళ్ళకి పిల్లలు లేరు.

నాలుగేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేటప్పటికి ఆయన నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట: 'కాదు'. ఆకలేసినా కాదే, దాహమేసినా కాదే. అర్థం తెలిసి అనేది కొంత, నోటికి వచ్చేది అదొక్కటే కాబట్టి అనేది కొంత. ఏది ఏదో పిన్నిగారికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

రెండు నెలలు కారు వరండా ఎదురుగా ఆరుబయటే దుమ్ము కొట్టుకుని ఉంది. ఒకరోజు ఆయన సంతోషపడతారని పిన్నిగారు బకెట్లో సర్ఫు కలిపి, గరుకు తువ్వాలు తీసుకుని కారు రుద్దడం మొదలుపెట్టారు. వరండాలోంచి "కాదు" అని వినిపించింది. మంచినీళ్ళు పట్టుకెళ్ళారు. "కాదు." దిండు సర్దారు. "కాదు, కాదు." సరే అరవనీ అని మొత్తం కడిగేశారు. ఎండ పడ్డాక చూస్తే నల్లరంగు నిండా సన్నటి గుండ్రటి గీతలు, సాలెగూడు అల్లినట్టు. ఎండిన దుమ్మును గరుకు గుడ్డతో రుద్దితే నలుపు మీద అలాగే అవుతుందట. ఆయన అది చూసి ఏడ్చారు. మేడ మెట్ల మీద నిలబడి నేనూ చూశాను.

మర్నాడు పిన్నిగారు ఆ తువ్వాలు ఆయన ముందు పెట్టి, "ఇది కాదా?" అన్నారు. "కాదు." పాత చీర ముక్క చూపించారు. "కాదు." ఆయనదే పాత బనీను చూపిస్తే ఊరుకున్నారు. అలా ఒక్కొక్కటే అడుగుతూ ఆవిడ ఆ పని మొత్తం నేర్చుకున్నారు. సర్ఫు కాదు, షాంపూ. ఒక బకెట్ కాదు, రెండు. ఒకటి నురగకి, ఒకటి గుడ్డ జాడించుకోవడానికి. ఎండలో కాదు. కింద నుంచి కాదు, పై నుంచి. గుండ్రంగా కాదు, తిన్నగా. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు; ఆరనిస్తే తెల్ల మచ్చలు కడతాయి కాబట్టి వెంటనే తుడిచెయ్యాలి. ఇదంతా తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. "ఆయన కాదన్నవన్నీ పక్కన పెడితే మిగిలిందే ఔను" అనేవారు నాతో.

డిక్కీలో ఒక పాలిష్ డబ్బా దొరికితే మేడమీదకి తెచ్చారు. దాని మీద ఇంగ్లీషు నేను చదివి చెప్పాను. నీడలో రాయాలి, కొంచెమే తీసుకోవాలి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలి. "ఇంత చిన్న సంగతికి అంత చిన్న అక్షరాలెందుకు" అన్నారు. ఆ గీతలు పోతాయేమోనని ప్రతి ఆదివారం పాలిష్ పెట్టేవారు. పోలేదు. కొంచెం తగ్గినట్టు కనిపించేవి. ఎండ తిరగ్గానే మళ్ళీ అన్నీ అక్కడే ఉండేవి.

మీలో నల్ల బండి ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. తెల్లబండి నాలుగు రోజుల దుమ్మునైనా దాచుకుంటుంది. నలుపు పూట దుమ్మును కూడా దాచుకోదు. అందులో మా ఇంటి వెనక మామిడి తోట. పూత మీద తేనెమంచు పురుగు పడిన రోజుల్లో కారు మీద బెల్లం పాకం చల్లినట్టు జిగురు. కోతల రోజుల్లో గోడ మీదుగా వాలిన కొమ్మ నుంచి సొన పడితే రంగు కాలిపోతుంది. రోడ్డు మీద కాయల ట్రాక్టర్లు పోతూనే ఉంటాయి. ఒకసారి మా హెడ్మాస్టరు మీద కోపంతో బడి మానేస్తానని నేను చిందులేస్తుంటే పిన్నిగారు కారు మీద నీళ్ళు పోస్తూ, "ఎండిన దుమ్ము మీద గుడ్డ వెయ్యకూడదమ్మాయ్. ముందు తడిపి, కాసేపు నాననివ్వాలి" అన్నారు. కారు సంగతే చెప్పారో, నా సంగతే చెప్పారో తెలియదు. ఉద్యోగం మాత్రం మానలేదు.

కడిగేముందు రోజూ గాజులు తీసి కిటికీలో పెట్టేవారు. పనయ్యాక వేసుకునేవారు. మంచంలో మొగుణ్ణి పెట్టుకుని బోసి చేతులతో తిరగడమేంటని వీధిలో అన్నారు. మర్నాడూ ఆ గాజులు కిటికీలోకే వెళ్ళాయి.

మొదట్లో ఆశ ఉండేది. విస్సన్నపేట నుంచి ఒకాయన కారు కొంటానని వస్తే, "ఆయన లేచి తిరిగేటప్పుడు దేంట్లో తిరగమంటారండీ" అని పంపేశారు. మూడో ఏడు డాక్టరు ఇక లేవరని తేల్చి చెప్పేశాడు. కారు బ్యాటరీ కూడా అప్పటికే పోయింది. అయినా మర్నాడు తెల్లవారి బకెట్ల చప్పుడు వినిపించింది. ఇంకా ఎందుకండీ ఇదంతా అని ఆ రోజు అడిగాను.

ఆవిడ బనీను పిండుతూ చెప్పారు: "రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంటారమ్మాయ్. అన్నం పెట్టినా నా మొహం చూడరు. బండి కడిగేటప్పుడు ఒక్కసారే ఇటు తిరుగుతారు."

ఆ ఒక్క గంటా కూడా తిన్నగా సాగేది కాదు. పోయిన వేసవిలో ఒకరోజు రెండుసార్లు కడిగినా ఆయన కాదంటూనే ఉన్నారు. మూడోసారి పిన్నిగారు గుడ్డ నేలకేసి కొట్టి, "ఏది కాదండీ? నీళ్ళా, గుడ్డా, నేనా? ఏది కాదో చెప్పి చావండి" అన్నారు. ఆయన పెదవులు కదిలాయి. చాలాసేపు ప్రయత్నించారు. ఆ మాట కూడా రాలేదు. ఎడం చేత్తో మొహం కప్పుకున్నారు. పిన్నిగారు మట్టంటిన ఆ గుడ్డ అవతల పారేసి, ఇంకో గుడ్డ తెచ్చి మళ్ళీ పై నుంచి మొదలుపెట్టారు.

ఈ సంక్రాంతి దాటాక ఆవిడకి ఆయాసం మొదలైంది. బకెట్ ఎత్తి దింపేసరికి గుండె పట్టుకునేవారు. "గ్యాసమ్మాయ్" అనేవారు. బెజవాడ వెళ్ళి చూపించుకుందాం పదండి అంటే, "ఆయన్ని పక్కకి ఎవరు తిప్పుతారు?" అనేవారు. శనివారం నేను సెలవు పెట్టి తీసుకెళ్తానని ఒప్పించాను. ఆ శనివారం బడిలో ఇన్‌స్పెక్షన్ పడింది. వచ్చే శనివారం వెళ్దామన్నాను. "నాకేం తొందర" అన్నారు. ఆవిడ పోయింది ఆ మధ్యలో, బుధవారం నాడు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఏడింటికి నేను బడికి బయల్దేరేటప్పుడు ఆవిడ కారు పైకప్పు మీద నురగ పెడుతున్నారు. "వస్తానండి" అంటే "మంచిది" అన్నారు. ఆ తరువాతి సంగతి కిరాణా కొట్టాయన చెప్పాడు. పిన్నిగారు కారుకి అవతలి పక్క పడిపోయారు. మంచం మీద నుంచి బాబాయిగారికి కనిపించేది కారు మీదుగా ఆవిడ తల మాత్రమే. అది కనిపించకుండా పోయింది. ఆయన కాదు, కాదు అని అరవడం మొదలుపెట్టారు.

"వినపడిందండి మాకు" అన్నాడు కొట్టాయన, నా మొహం చూడకుండా. "రోజూ అరుస్తారు గదా అనుకున్నాం. కడగడం బాలేదేమో అనుకున్నాం."

గంట తరువాత గ్యాస్ సిలిండర్ తెచ్చినతను గేటు తీసి చూశాడు.

వీధి ఆడవాళ్ళందరూ వచ్చారు. పసుపు రాశారు, పూలు పెట్టారు, కిటికీలోని గాజులు తెచ్చి తొడిగారు. ముత్తైదువుగా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. బాబాయిగారు వింటుండగానే అన్నారు. ఆ రోజు నుంచి 'కాదు' అనే ఆ ఒక్క మాట కూడా ఆయన నోట నేను వినలేదు. కారు మీద నురగ అలాగే ఆరిపోయి, పైకప్పు మీదా ఒకపక్క తలుపుల మీదా తెల్లటి చారలు కట్టింది. కడుగుదామని పెద్దకర్మ అయ్యాక ఒక ఉదయం రెండు బకెట్లు నింపుకుని దిగాను. ఆయన గోడ వైపే తిరిగి పడుకున్నారు. "బాబాయిగారూ" అని పిలిచాను. ఇటు తిరగలేదు. నీళ్ళు మొక్కలకి పోసేశాను.

తరువాత ఆయన మేనల్లుడు వచ్చి రెడ్డిగూడెం తీసుకెళ్ళిపోయాడు. మంచివాడే. కాయల వ్యాపారం అతనిది. సెలవులు ఇచ్చాక ఒకరోజు చూసి రావడానికి వెళ్ళాను. కోతల హడావిడిలో ఉన్నారు. ఇంటి ముందు పందిరి కింద ఆడవాళ్ళు బారుగా కూర్చుని కాయలు ఏరి, గడ్డి పరిచి పెట్టెలకెత్తుతున్నారు. ఆ సందడి మధ్యలోనే ఒక పక్కగా ఆయన మంచం వేశారు, నలుగురిలో ఉంటారని.

నేను పక్కన కూర్చుని ఏదో మాట్లాడాను. పిన్నిగారి పేరెత్తలేకపోయాను. కాయలు ఏరుతున్న ఒకావిడ ముగ్గిన రసం మామిడిపండు ఒకటి తెచ్చి, "తినండి బాబాయిగారూ" అంటూ ఆయన ఎడం చేతిలో పెట్టి, పనిలోకి పోయింది. ఆయన దాన్ని పట్టుకున్నారు. నోటి దాకా తీసుకెళ్ళలేదు, కింద పెట్టలేదు. మధ్యాహ్నం పెట్టెలు లారీకెక్కించారు, పందిరి ఖాళీ అయింది, ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. సాయంత్రం బస్సుకి నేను లేచేటప్పటికి కూడా ఆ పండు ఆయన చేతిలో అలాగే ఉంది. దాని చుట్టూ ఈగలు ముసురుతున్నాయి.