ఛాయా దారోగా వేషం

తబిత ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలోని తెలుగు కుటుంబంలో పుట్టి పెరిగింది. తల్లి పోయింది. తండ్రి జ్ఞానరత్నం వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాక ఇద్దరూ ఆ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో అద్దెకు ఉంటున్నారు. ఏడేళ్ళుగా తబిత లోకల్ రైలెక్కి కలకత్తా వెళ్ళి ఆడిషన్లు ఇచ్చి వస్తోంది. దక్కినవన్నీ నర్సు, పనిమనిషి, గుంపులో నిలబడే వేషాలు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కొత్త వెబ్ సిరీస్‌లో ఛాయా దారోగా ఆమే! చీర మీద తుపాకీ బెల్టు బిగించి దొంగల్ని పట్టే ఆ ఎస్సై కథలు నలభై ఏళ్ళుగా ప్రతి బెంగాలీ ఇంట్లోనూ ఉన్నాయి. బళ్ళో బెంచీ కింద దాచుకుని తబితా చదివింది.

"నాన్నా, నాకు ఛాయా దారోగా వేసం వచ్చినాది!"

"ఏటీ? ఎవరమ్మా ఆవిడ?"

"బెంగాలీ కతల్లో పోలీసావిడ. అందరికీ తెల్సు."

"నాకు తెల్దే. పోన్లే, మంచి వేసమేనా? పాస్టరు గారికి సెప్తాను, ప్రార్థన సేస్తారు," అని ఆయన మళ్ళీ బియ్యం ఏరుకోసాగాడు.

పక్కింటి బెంగాలీ ఆవిడ శర్మిష్ఠా దీదీకి ఛాయా అంటే ప్రాణం. సంగతి విని ఆమె తబిత చేతులు పట్టుకుంది. "మా ఛాయా వేషానికి మద్రాసీ పిల్లా! బెంగాలీ వాళ్ళెవరూ దొరకలేదా?" అని నవ్వింది. వేళాకోళానికే. తబిత కూడా నవ్వింది గానీ, టీ సగంలో వదిలేసి వచ్చేసింది.

తర్వాత నిర్మాతలు పేరు బెంగాలీగా వినబడేలా 'తబితా సేన్' అని మార్చుకోమన్నారు. సలహా అడగడానికి ఇలాంటివి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఒక రోజంతా ఆలోచించి, పేరు మార్చేటట్టయితే వేషం వద్దని చెప్పేసింది. రెండు వారాలు జవాబు లేదు. ఆ రెండు వారాలూ ఎవరికీ ఏమీ చెప్పకుండా వంట చేసింది, బట్టలుతికింది. చివరికి వాళ్ళే దిగొచ్చారు.

సిరీస్ విడుదలైన వారానికి, తిరుగు రైల్లో ఒక చిన్నపిల్ల ఆమెకు సెల్యూట్ కొట్టింది. "ఛాయా దీ!"

పెట్టెలో వాళ్ళంతా తిరిగి చూశారు, మూగి ఫొటోలు దిగారు. బాలిచక్ స్టేషన్లో వాళ్ళలో చాలామంది దిగిపోయారు. ఆ పిల్లా దిగిపోయింది.

ఖరగ్‌పూర్‌లో ఇంటికి తెచ్చిన టోటో, అంటే బ్యాటరీ రిక్షా, డ్రైవరు ఆమెను గుర్తుపట్టలేదు. ఇంట్లో తండ్రి లేడు, ప్రార్థన కూటానికి వెళ్ళాడు. తబిత కంచంలో అన్నం పెట్టుకుని, రెండో సీజన్ స్క్రిప్టు కాగితాలు పక్కన పరుచుకుని, ఛాయా మాటలు పైకి చదువుకుంటూ తిన్నది.