నా కోసం పెట్టిన కూడిక

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను ఎమ్మే చదువుతూ మతాన్ని పరిశోధించాను. అలా అంటే గొప్పగా ఉంటుంది గానీ, బందుల పుణ్యమా అని యూనివర్సిటీ సగం రోజులు మూతే. తెరిచిన రోజుల్లో చరిత్ర సారు మతం ఎప్పుడు పుట్టిందని అడిగేవాడు, సోషియాలజీ మేడం దానివల్ల ఎవరికి లాభమని, సైకాలజీ సారు జనానికి ఏం భయమని. అన్ని వైపుల నుంచీ చూడడమే మా కోర్సు గొప్ప. దేవుడున్నాడా లేడా అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అది సిలబస్‌లో లేదు.

పరీక్షకు బదులు ఒక భక్తురాలిని ఇంటర్వ్యూ చేసి తెమ్మన్నారు. కీసర గుట్ట శివాలయానికి వెళ్దామనుకున్నాను. ఆ వారమంతా ఉప్పల్‌లో బస్సు కదల్లేదు. బస్సు ఎక్కకుండానే దొరికే భక్తురాలు నాచారంలో మా వంటింట్లో గోంగూర తెంపుతూ కూర్చుని ఉంది. మా అమ్మ.

అమ్మ బడికి వెళ్లలేదు. బైబిలు మాత్రం వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది. నేను కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని, "ప్రార్థన వల్ల నీకు కలిగే సామాజిక ప్రయోజనం ఏమిటి?" అని అడిగాను. అమ్మ గోంగూర తెంపడం ఆపింది. "ఏ భయం వల్ల దేవుణ్ని నమ్ముతున్నావు?" అన్నాను.

"గిట్ల అడుగుమని ఎవరు జెప్పిన్రు బిడ్డా?"

"మా సార్లు."

అమ్మ గోంగూర పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. జవాబు దాటవేసింది అని రాసుకున్నాను.

శనివారం సాయంత్రం మా గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడ్డాయి. డోలక్ వచ్చింది, కంజీర వచ్చింది, పాస్టరుగారు వచ్చారు. యూనివర్సిటీలో విశ్వాసం పోగొట్టుకున్న పిల్ల కోసం ప్రత్యేక ప్రార్థన కూడికట. ఆ పిల్ల నేనే. ఒళ్లు మండిపోయింది, కానీ పారిపోదామంటే తలుపు దాకా జనమే. పోనీలే, ఇంతకంటే మంచి ఫీల్డ్‌వర్క్ ఎక్కడ దొరుకుతుందని ఒడిలో నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చున్నాను. నా నెత్తి మీద ఆరు చేతులు పడ్డాయి. ఆరు అని రాసుకున్నాను.

"ఈ పిల్ల మస్తు సదివింది ప్రభువా, జర ఎక్కువనే సదివింది" అని బోడుప్పల్ నుంచి వచ్చిన పెద్దమ్మ ప్రార్థించింది. అదీ రాసుకున్నాను.

చివరికి అమ్మ వంతు వచ్చింది. నా విశ్వాసం నాకు తిరిగి ఇప్పించమంటుందనుకుని పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"ప్రభువా, నా బిడ్డ అడిగిన మాటలు నాకు సమజ్ కాలే. నాకు సదువు రాదు. అది నిన్ను నమ్మకున్నా నువ్వు ఓర్సుకుంటవు. దానికి నా మీద సిన్నసూపు మాత్రం రానియ్యకు. గది నేను ఓర్సుకోలేను."

అందరూ ఆమేన్ అన్నారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ ఆ మర్యాద దేవుణ్ని అడిగింది గానీ, ఇవ్వాల్సింది నేను.