వేలి కింది వాక్యం

సుగుణమ్మ పొద్దున్నే చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకునేది. కళ్లు మూసుకుని ఎక్కడో ఒకచోట తెరిచి చూపుడు వేలు ఆనించేది. చదువు రాదు. వేలు ఎత్తకుండా పక్కింటి రామమ్మకు చూపించేది. మిషన్ బడిలో అయిదు వరకు చదివిన రామమ్మ ఆ మాట చదివితే, దాన్నే రోజంతా నెమరువేసుకుంటూ రాట్నం తిప్పేది.

ఎమ్మిగనూరులో ఆమె పని మగ్గాలకు కండెలు చుట్టడం. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె చుట్టిన నూలుతో దావీదు నేసేవాడు. అతనికీ భార్య లేదు. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వేసవిలో ఒకనాడు, కండెల బుట్ట అందుకుంటూ తల దించుకుని అడిగాడు.

"సుగుణమ్మా, గుడిలో మన పెండ్లికి పేర్లు సదివించమంటావా?"

"దేవుని చిత్తమేందో అడిగి సెప్తానప్పా."

ఆమెకు ఇష్టమే. ఆ ఇష్టాన్నే ఆమె నమ్మలేదు.

మరునాడు రామమ్మకు సంగతంతా చెప్పి వేలు పెట్టింది. రామమ్మ పుస్తకం మీదికి వంగింది. "ప్రభువు కోసం కనిపెట్టుకోని ఉండమంటాండాడు, తొందరపడొద్దంట" అంది.

దావీదు సంగతి అడిగిన రోజల్లా అదే మాట. సుగుణమ్మకు అనుమానం రాలేదు. దేవుడు మాట మార్చడు కదా అనుకుంది.

"ఆయన నాకూ దేవుడే గదా. నాతో ఒక ముక్క సెప్పకూడదా?" అని దావీదు నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. మరో ఏడు పత్తి బండ్లు ఆదోని దారి పట్టేనాటికి అడగడమూ మానేశాడు.

ఒక ఆదివారం గుడిలో ఉపదేశి పెళ్లి ప్రకటన చదివాడు. దావీదు పేరు. పక్కన రామమ్మ చెల్లెలు ఎస్తేరు పేరు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నాడు. మూసిన బైబిలు మీద సుగుణమ్మ వేలు అలాగే ఉంది. ఎవరో దగ్గారు. పాట మొదలైంది.

మధ్యాహ్నం రామమ్మ గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది.

"అక్కా, ఆ పొద్దు నా వేలు కింద ఏముండె?"

చేట ఆగలేదు. "నేను సదివింది వాక్యమే గదా. అబద్ధమైతే కాదు."

"నా వేలు కింద ఉండిందా?"

"నీకు ఒకసారన్నా పెండ్లయింది సుగుణా. ఎస్తేరుకు ముప్పై దాటె. యాడ తెచ్చేది మేము మొగోన్ని?"

"నన్ను అడిగింటే నేనే తప్పుకుంటాంటినేమో. దేవుని నోట్లో నీ మాట పెడితివే."

రామమ్మ చేట కింద పెట్టింది. "రేప్పొద్దున రావా మరి?" అంది.

సుగుణమ్మ లేచి వచ్చేసింది. దావీదు దక్కకపోవడం ఒక బాధ. ఇన్నేళ్లు నెమరువేసిన మాటల్లో ఏది దేవునిదో, ఏది రామమ్మదో తెలియకుండా పోవడం ఇంకొకటి.

మరునాడు పొద్దున చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టింది. వేలున్నచోట ఒక నూలు పోగు ఉంచి, మూసి, బస్టాండుకు నడిచింది. ఆదోని బస్సు కోసం కూర్చున్నవాళ్లలో కళ్లద్దాలు పెట్టుకున్న ముసలాయన ఒకడున్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. అందుకే ఆయన్ను అడిగింది.

"అప్పా, ఈ పోగు కాడ ఏముందో సదువు. ఉండేదే సదువు."

ఆయన పుస్తకాన్ని వెలుతురుకు తిప్పాడు. "ఏముందమ్మా, అన్నీ పేర్లే. వాని కొడుకు వీడు, వీని కొడుకు ఇంకొకడు."

"సదువప్పా."

ఆయన ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివాడు. సుగుణమ్మ కింద కూర్చుని, చివరి పేరు దాకా విన్నది.