సంచిలో లేని రొట్టె

బంగారు గనులు మూతపడిన కొన్నేళ్లకు, జూన్ బదిలీల్లో నన్ను కె.జి.ఎఫ్. చర్చికి ప్రెస్బిటరుగా వేశారు. అంతకుముందు కోలారు దగ్గర డీకన్‌ని. డీకన్ ప్రసంగం చెయ్యవచ్చు గానీ ప్రభువు బల్ల ఇవ్వకూడదు. రొట్టె, ద్రాక్షారసం పంచే అధికారం ప్రెస్బిటరుదే. కొత్త అధికారం, ఇస్త్రీ నలగని తెల్ల అంగీ, సెమినరీలో రాసుకున్న నోట్సు. ఇక నాకు ఎదురేముంది అనుకున్నాను.

మొదటి వారమే సంఘ పెద్ద ఒక పేరు చెప్పాడు. రత్నం, పాత గని కార్మికుడు. రాతిధూళి ఊపిరితిత్తుల్ని తినేసింది. అది తాగుడుకు దేవుడు వేసిన శిక్ష అని ప్రార్థన కూటంలో ఎవరో అన్నారట. ఆ మాట మనసులో పెట్టుకుని, తాను తగనని ఏడాదిగా బల్ల ముట్టడం లేదు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పేశాడు.

సంచి నింపుకుని వెళ్లాను. మంచం పక్కన కూర్చుని ముప్పావు గంట చెప్పాను. బైబిల్లో గోపురం కూలి చచ్చినవాళ్లు మిగతావాళ్లకంటే పాపులేమీ కారని ప్రభువే అన్నాడని వివరించాను. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చ వచ్చిన స్నేహితులు, నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారనీ, నోరు తెరిచాకే చెడ్డారనీ కూడా నేనే చెప్పాను! తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

రత్నం దగ్గు ఆపుకుని అడిగాడు. "అయ్యగారూ, లోపల బండ పేలితే మేము మొదట ఏం చేస్తా ఉంటిమి, తెలుసునా? మనిషిని బయటికి తీస్తా ఉంటిమి. ఎందుకు పేలిందని ఆఫీసరు వచ్చి రాసుకునేది తర్వాత. నేనింగా బండ కిందనే ఉండాను."

నోట్సు మూసేశాను. లేపి కూర్చోబెట్టమన్నాడు. వీపు కింద చెయ్యి వేసి కూర్చోబెట్టి, అలాగే పట్టుకున్నాను. ఊపిరి కాస్త కుదిరాక, "బల్ల ఇయ్యండి" అన్నాడు.

సంచి వెదికాను. మూడు వ్యాఖ్యాన గ్రంథాలు, బైబిలు పదసూచిక, నోట్సు. రొట్టె తేలేదు.

"ల్యాంపు లేకుండా షిఫ్టుకు దిగినారా అప్పా!" అని రత్నం నవ్వాడు. భార్య మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్కూటరు మీద చర్చికి పరుగెత్తాను. దారంతా ఒకటే ప్రార్థన, నేను తిరిగొచ్చేదాకా ఆయన్ను ఉంచమని. ఉన్నాడు. రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

శ్రమలు ఎందుకు వస్తాయన్నదానికి జవాబు నా నోట్సులో ఇప్పటికీ ఉంది. రిటైరయ్యేదాకా రోగుల ఇళ్లకు మాత్రం రొట్టె పట్టుకుని వెళ్లాను, నోట్సు ఇంట్లో పెట్టి.