కంది చేలో దొరకని సాలీడు

మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో గోదావరి జిల్లా నుంచి జహీరాబాద్ వచ్చేశాం. ఇక్కడొక బడిలో ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను.

ఆ రోజు పాఠం అంతరించిపోతున్న జంతువుల గురించి. పనామా దగ్గర ఒక చిన్న దీవిలో తప్ప ఎక్కడా లేని పొట్టి స్లాత్ బొమ్మ చూపించాను. చెట్టుకు వేలాడుతూ, ఆకులు నములుతూ, మెల్లగా కదిలే జీవి. దానితో పోల్చడానికి వడ్లగింజంత గెంతే సాలీడును ఎంచుకున్నాను. అది గూడు కట్టి కాచుకోదు, పురుగు కనబడితే మీదికి దూకుతుంది.

"స్లాత్‌ను ఎలాగూ చూడలేం. సాలీడును చూసి, రెండింటికీ తేడాలు రాసుకురండి," అన్నాను.

మొగుడంపల్లి వైపు నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి మర్నాడు సగం పేజీ ఖాళీగా తెచ్చింది. స్లాత్ గురించి నిండుగా రాసింది. సాలీడు వైపు ఒక్క అక్షరం లేదు.

"మా కంది చేన్ల దొరకలే మేడం. బాపు పురుగుల మందు కొడ్తుండు."

"సాకులు చెప్పకు. వెతికి రాసుకొస్తేనే రేపు క్లాసులోకి రా."

పిల్లలంతా నవ్వారు. ఆపలేదు నేను.

మర్నాడు ఆమె రాలేదు. దవాఖానలో చేర్చారని పక్కింటి పిల్ల చెప్పింది. సాయంత్రం ఇంటికి వెళ్లగానే చేలోకి దిగిందట. మందు తడి ఆరని ఆకులను ఒక్కొక్కటే తిరగేసిందట. ఆ చేతులతోనే రొట్టె తిన్నదట.

పరుగున వెళ్లాను. వరండాలో వాళ్ల నాన్న ఉన్నాడు. చొక్కా ఇంకా మందు వాసన వేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"గొట్టాలు పెట్టిన్రు మేడం. పోవద్దని చెప్పిన. 'మేడం రానియ్యదు బాపు' అన్నది." తన చొక్కా వంక చూసుకుని, "మందు కొట్టింది నేనే. ఇగ ఎవర్నేమంట?" అన్నాడు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని అడగాలనుకున్నాను. డాక్టరు ఏమన్నాడని మాత్రం అడిగాను.

పిల్ల బతికింది. కానీ విషానికి నరాలు దెబ్బతిని వేళ్లలో పట్టు రాలేదు. పెన్ను పట్టుకుంటే జారిపోయేది. పరీక్షలు రాయలేదు. ఎండాకాలంలో వాళ్ల నాన్న టీసీ కోసం వచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఇంట్లనే ఉన్నది. బువ్వ వాళ్లమ్మ తినిపిస్తది."

బడి మానడానికి కారణం అనే గడిలో 'అనారోగ్యం' అని రాయమన్నారు హెడ్‌మాస్టరు. రాశాను.