పాత కెర్నెల్‌లో పోలయ్య మామ

మా పల్లె మైకులో పోలయ్య మామ గొంతు వినకుండా ఎవరూ పడవ దించరు. నిరుడు వేటకెళ్లిన మామ తిరిగి రాలేదు. ఆయన రికార్డు చేసిన హెచ్చరికలే కంప్యూటర్ నుంచి ఇంకా వేస్తున్నాం.

ఈ రోజు ఆ కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రామ్, కెర్నెల్‌ని అప్‌డేట్ చేశాను. ఎక్కువ కాలం సపోర్టు ఉండే ఎల్‌టీఎస్ రకం కదా, ఏళ్ల తరబడి బెంగ ఉండదనుకున్నాను. పాత సౌండ్ కార్డు డ్రైవర్‌కీ కొత్త కెర్నెల్‌కీ పొసగలేదు. మైకు మూగబోయింది. ఒడ్డున అందరూ పడవల పక్కనే కూర్చుండిపోయారు.

రీబూట్ చేసి, పాత కెర్నెల్ ఎంచుకున్నాను. మామ పలికాడు: "గాలి జోరుగా ఉంది, వేటకి పోబాకండి."

వెనక గుమ్మంలో మామ భార్య సుబ్బమ్మత్త నిలబడి ఉంది.

"ఇంతసేపూ యాడికి పోయినాడు నాయనా?" అనడిగింది.

నేను స్క్రీన్ వైపు తిరిగాను. పాత కెర్నెల్ ఇక అవసరం లేదు, తీసేయమంటారా అని సిస్టమ్ అడుగుతోంది.

మీరైతే ఏం నొక్కుతారు?