బెర్తు మీద పట్టుచీర

ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. అందులో వీరుడున్నాడు, శత్రువుంది, ఘోరమైన అసూయ ఉంది. కాకపోతే వీరుణ్ని నేను, శత్రువు ఒక చీర. కాబట్టి కావ్యం సంగతి వదిలేద్దాం.

ఒరిస్సా కొత్తగా రాష్ట్రమైన ఏడాది, మద్రాసు వెళ్లాలని కటకంలో రైలెక్కాను. కుర్రవాణ్ని, బెర్తు నాకెందుకని గొప్పకు పోయి కూర్చునే చోటే తీసుకున్నాను. బరంపురం వచ్చేసరికి నడుము పట్టేసింది. అక్కడ ఒక ముసలి నేతగాడు ఎక్కాడు. ఎదుటి బెర్తు మీద పట్టుచీర మూటను పడుకోబెట్టి, తాను చివర ఒదిగి కూర్చున్నాడు. బొగ్గునుసి పడకుండా దానికి తన కండువా కప్పాడు. ఒక బట్టను చూసి కుళ్లుకోవడం నాకదే మొదలు.

"తాతా, దాన్ని ఒళ్లో పెట్టుకోరాదూ? కాసేపు నడుం వాలుస్తాను."

"బాగుంది బాబూ! మాకు రాబోయే కోడలి పెళ్లిసీర ఇది. పెళ్లికూతుర్ని తీసుకెల్లినట్టే తీసుకెల్లాల. ఇది నలిగితే మా ఆడోల్లు ఊరుకోరు. నువ్వు నలిగితే ఎవులు సూత్తారు?"

ఆయన దిగేదాకా ఆ మూటను కళ్లతోనే తోస్తూ కూర్చున్నాను. చివరికి వాల్తేరులో ఆయన చీరను రెండు చేతులా ఎత్తుకుని దిగాడు. నేను ఒక్క గెంతులో బెర్తెక్కి కాళ్లు చాపాను.

ఆ బండి వాల్తేరు వరకే. మద్రాసు వెళ్లేవాళ్లు అక్కడ దిగి వేరే బండి ఎక్కాలి.